ఒడిలో నులిపురుగులతో విశాఖ దాకా

విశాఖపట్నం వెళ్లొచ్చానని తెలిసి మా వీధిలో ఆడవాళ్లు మొదట బీచి గురించి అడిగారు. తర్వాత కొండ మీద దర్శనం అయిందా అన్నారు. రెండూ కాలేదన్నాను. "మరెందుకెళ్లావమ్మా అంత దూరం?" అని ముక్కున వేలేసుకున్నారు. పురుగుల్ని తీసుకెళ్లి ఇచ్చి రావడానికి వెళ్లానంటే పకపకా నవ్వారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

నాది కోనసీమ. కొబ్బరి రైతులు కొందరు కలిసి పెట్టుకున్న చిన్న ల్యాబులో పనిచేస్తాను. అక్కడ మేం పెంచేవి నులిపురుగులు. పేరు వినగానే మొహం చిట్లించకండి, పిల్లల కడుపులో చేరేవి కావివి. విడిగా కంటికి ఆనవు. గ్లాసు వెలుతురుకెత్తి చూస్తే నీళ్లలో సన్నటి నలకలు మెరిసినట్టుంటాయి. మనిషినీ పశువునీ చెట్టునీ ఏమీ చెయ్యవు. కొబ్బరి మానును లోపల్నుంచి తొలిచేసే ఎర్రముక్కు పురుగు ఒకటుంది. దాని పిల్లలు బొటనవేలంత లావున, తెల్లగా, కాళ్లు లేకుండా ఉంటాయి. మా నులిపురుగులు వాటి ఒంట్లోకి దూరి, తమ కడుపులో మోసుకొచ్చిన సూక్ష్మజీవిని అక్కడ వదులుతాయి. రెండుమూడు రోజుల్లో ఆ పిల్లపురుగు చచ్చిపోతుంది. విషం పొయ్యకుండా చెట్టును కాపాడుకునే దారుల్లో ఇదొకటి.

మామూలుగా వీటిని స్పాంజి ముక్కల్లో పట్టించి పార్సిల్లో పంపిస్తాం. ఈసారి మా పిన్నికొడుకు సత్యం ఫోన్ చేశాడు. వాడు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి కుర్రతనంలోనే అటు వెళ్లిపోయాడు. వాడి స్నేహితుడు అప్పన్న సముద్రంలో వేట చేసుకునే మనిషి. వేట ఆపేసే నెలల్లో ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లేవాడట, అలా కలిశారు. అప్పన్న ఇంటి ముందు రెండు కొబ్బరిచెట్లున్నాయి. రెండింటికీ ఎర్రముక్కు పురుగు పట్టింది. అప్పన్న కూతురు గౌరి తీసిన వీడియోను సత్యం నాకు పంపాడు. మాను మీద చిల్లులు, చిల్లుల్లోంచి కారిన గోధుమరంగు జిగురు, నమిలి ఉమ్మేసినట్టు పీచు.

"ఆదివారం రెండూ కొట్టేస్తానంటున్నాడక్కా," అన్నాడు సత్యం. "పక్క వీధిలో ఇలాగే డొల్లయిన చెట్టు గాలికి విరిగి ఇంటి మీద పడింది. పసిపిల్ల ఉయ్యాల పక్కనే పడిందట. అప్పణ్ణుంచి వాడికి నిద్ర లేదు. కానీ వాళ్ల నాన్న అన్నం మానేశాడు."

పార్సిలు ఎండలో ఏ గోడౌన్లోనో ఉండిపోతే లోపల ఒక్కటీ మిగలదు. నేనే తీసుకెళ్తానన్నాను. మా ఆయన గేదెల్ని వదిలి రాలేనన్నారు. అంత దూరం ఒక్కదాన్నే రైలెక్కడం నాకు అదే మొదటిసారి.

తుని దాకా

థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు, దాని మీద పేపర్ల మడత, ఆ పైన కవర్లలో స్పాంజి ముక్కలు. రాజమండ్రిలో రైలెక్కి పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తునికి ఇంకా కాస్త దూరముందనగా రైలు ఆగిపోయింది. ఎందుకో ఎవరికీ తెలీదు. నా నెత్తి మీది ఫ్యాను తిరగదు. కిటికీలోంచి సెగ. మూత కొంచెం ఎత్తి వేలు పెట్టి చూశాను. ఐసు లేదు. నీళ్లు కూడా చల్లగా లేవు.

రైలు కదిలి తునిలో ఆగాక ఒకావిడ రొయ్యల టబ్బుతో ఎక్కి నా ఎదుట కూర్చుంది. ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు, భుజాన తడి గుడ్డ. నన్నూ పెట్టెనూ కాసేపు చూసింది.

"ఏటమ్మా, ఆ పెట్టె కిందెట్టుకోవొచ్చు గదా? సంటిపిల్లనెట్టుకున్నట్టు ఒళ్లో ఎట్టుకున్నావు."

"వేడి తగలకూడదండి. ఐసు కరిగిపోయింది."

"మందులా?"

"పురుగులండి."

ఆవిడ కాళ్లు సీటు మీదికి లాక్కుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మొత్తం చెప్పాను. చెట్టు గురించి, ముసలాయన అన్నం మానేసిన సంగతి కూడా. ఆవిడ చెంప కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"అయితే సెట్టుని తినే పురుగుని తినీ పురుగులా ఇవి?"

"ఆయ్."

"ఇప్పుడు బతికే ఉన్నాయా?"

"ఉన్నాయనే అనుకుంటున్నానండి. ఇంకాసేపు ఇలాగే ఉంటే చెప్పలేను."

ఆవిడ టబ్బు మీది గోనె తీసి, రొయ్యల్ని పక్కకి తోసి, రెండు దోసిళ్లు ఐసు తీసింది. "పట్టు," అంది. మీ రొయ్యలు పాడైపోతాయేమోనండి అన్నాను.

"రొయ్యి సచ్చిపోనాది గదమ్మా. కొంచెం ఓర్సుకుంటాది. బతికున్నోటికి ముందియ్యాల."

పేపర్లు మళ్లీ మడిచి ఐసు అడుగున పోసుకున్నాను. పెట్టె నిండా రొయ్యల వాసన. దువ్వాడలో నేను దిగుతుంటే ఆవిడే పెట్టెను రెండు చేతులా పట్టుకుని మెట్ల దాకా వచ్చి అందించింది. రైలు కదిలాక గుర్తొచ్చింది, పేరడగలేదని.

దువ్వాడ

స్టేషన్లో సత్యం నిలబడి ఉన్నాడు. బట్టతల వచ్చేసింది. నాతో మాట్లాడుతుంటే మా గోదావరి మాట, ఫోన్ మోగగానే "ఏటి బావా, ఎక్కడున్నావు, వచ్చేత్తన్నాను" అని ఇంకో మనిషైపోయాడు. దువ్వాడ చుట్టూ కొత్త ఇళ్లు లేస్తున్నాయి. వాడి వీధిలో సగం మంది మా వైపు నుంచీ కృష్ణా జిల్లా నుంచీ ఉద్యోగాలకొచ్చి ఉండిపోయినవాళ్లే. గుమ్మాల ముందు మా ఊళ్లో లాంటి ముగ్గులే. మాటలు మాత్రం పిల్లల నోట్లో మారిపోయాయి.

మరదలు అన్నం వడ్డించి, ఫ్రిజ్‌లో కూరగాయల అర ఖాళీ చేసిచ్చింది. నేను పెట్టెలోంచి కవర్లు తీసి అందులో సర్దుతుంటే చాలాసేపు వెనకాలే నిలబడింది.

"వదినా, బెండకాయల్లోకి పాకవు కదా?"

"పాకినా ఏం చెయ్యవే. వాటికి కావాల్సింది నీ దగ్గర లేదు."

అయినా ఆ రాత్రి ఆవిడ బెండకాయ వండలేదు. పప్పు, అప్పడాలతో సరిపెట్టింది.

సామాను విప్పేటప్పుడు బయటపడింది అసలు నష్టం. మాను చిల్లుల్లోకి నీళ్లు ఎక్కించడానికి పశువుల సిరంజికి పొడవాటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి తెచ్చుకున్నాను. రైలు దిగేటప్పుడు ఎవరి ట్రంకుపెట్టెకో నొక్కుకుని నిలువునా చీలింది. పురుగు తొలిచిన దారి మెలికలు తిరిగి లోపలికి పోతుంది. పైపైన పోస్తే నీళ్లు బయటికే వచ్చేస్తాయి.

"ఆటోనగర్‌లో దొరకంది లేదు, రా," అన్నాడు సత్యం.

ఆటోనగర్

పొద్దున్నే గాజువాక మీదుగా వెళ్లాం. అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, లారీల కింద పడుకుని మాట్లాడుకునే మనుషులు. ఒక షెడ్డు ముందు స్కూటర్ ఆపి సత్యం "బావా" అని పిలిస్తే, లారీ కిందనుంచి ముందు కాళ్లు, తర్వాత పొట్ట, ఆ తర్వాత మస్తాన్ గారు వచ్చారు.

చీలిన గొట్టం చూపించాను. ఆయన తిప్పి తిప్పి చూసి, లోపలికెళ్లి బ్రేకులకు వాడే సన్నటి రాగి గొట్టం తెచ్చారు.

"ఇది ఎలగ వంచితే అలగ వంగుతాది. ఎవులికి ఇంజక్సను?"

"కొబ్బరిచెట్టుకి."

ఆయన సత్యం వైపు చూశారు. సత్యం తలూపాడు. ఇంకేం అడగలేదు. కోసి, సిరంజికి అతికించి, చివర ఆకురాయితో రుద్దుతూ కూర్చున్నారు. గరుకంతా పోయాక వేలితో తడిమి మళ్లీ రుద్దారు. చాలండి అన్నాను.

"మొన ఉంటే లోపల గీరుకుపోతాదమ్మా. అసలే జబ్బుగున్న సెట్టు."

టీ గ్లాసులో నీళ్లు పట్టి పరీక్షకని వదిలితే సత్యం చొక్కా తడిసింది. షెడ్డులో అందరూ నవ్వారు. ఎంతివ్వమంటారని అడిగితే మా ముగ్గురి టీలకీ ఇచ్చెయ్యమన్నారు. మా ఊళ్లో టీ చిన్న గ్లాసుడు పాలు, దాని మీద మీగడ. ఇక్కడి టీ అల్లంతో ఘాటుగా గొంతులో దిగింది. అది తాగాకే నాకు ధైర్యం వచ్చిందనిపిస్తుంది.

అచ్యుతాపురం దాటాక

ఐసు కొత్తగా నింపిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని సత్యం స్కూటర్ వెనక కూర్చున్నాను. అచ్యుతాపురం దగ్గర ఫ్యాక్టరీ బస్సులు వరసగా వస్తున్నాయి. కిటికీల నిండా ఒకే రంగు కోట్లు వేసుకున్న ఆడపిల్లలు, నిద్రమొహాలతో. మా రోడ్ల మీద ఆ వేళకి కొబ్బరి పీచు ట్రాక్టర్లు పోతుంటాయి. అది దాటితే సరుగుడు తోటలు, ఆ వెనక ఉప్పుగాలి, ఆ గాలి వెంబడే ఊరు.

నలభై దాటిన మనిషి ఎదురొచ్చింది. అప్పన్న భార్య నూకాలు. అమ్మకానికి తీసుకెళ్లిన చేపల గిన్నె ఇంకా చంకలోనే ఉంది.

"రా అప్పా, రా. ఎండనపడి వొచ్చినావు." అక్కను ఇక్కడ అప్ప అంటారు. వినగానే చల్లగా అనిపించింది. "మా గుంటే ఆ ఈడియో తీసినాది."

మా వైపు గుంట అంటే నేలలో తవ్వింది. నేను చుట్టూ చూశాను. నూకాలుకి అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ ఇరవయ్యేళ్ల పిల్లను ముందుకు లాగి, "ఇదే అప్పా, మా గుంట," అంది. గౌరి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి అప్పుడే వచ్చింది. మొహం కడుక్కోకుండానే నా చేతిలో పెట్టె అందుకుంది.

ముందు అంబలి ఇచ్చారు. చోడి అంబలి, అంటే రాగులది, ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండు కవ్వళ్ల చేపలు. మా ఇళ్లల్లో చుట్టానికి అంబలి పెడితే పరువు తక్కువ అనుకుంటారు. ఎండలో వచ్చిన మనిషికి అంతకన్నా మంచిది లేదని రెండో గ్లాసు తాగాక తెలిసింది.

ఇంటికి సముద్రం వైపు రెండు చెట్లు. ఒకటి నిటారుగా, ఇంకోటి ఇంటి మీదికి వాలి. నిటారు చెట్టుకి వీపు ఆనించి ఒక ముసలాయన వల కుడుతున్నాడు. సింహాద్రి తాత, అప్పన్న తండ్రి. చూపు పోయి చాన్నాళ్లయిందట. చేతులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి, ముడి మీద ముడి.

"వొచ్చినారా పురుగులమ్మ?" అన్నాడు తలెత్తకుండా. ఆ పేరు అక్కడున్నన్నాళ్లూ నాకు ఉండిపోయింది.

రెండు చెట్లు

ఆ చెట్లు సముద్రం ఇచ్చినవి. ఒకనాడు వలలో చేపలతో పాటు రెండు కొబ్బరికాయలు పడ్డాయి. ఎక్కడివో, ఏ ఒడ్డునుంచి కొట్టుకొచ్చాయో. తాత భార్య వాటిని పాతిపెట్టింది. ఆ యేడే గౌరి పుట్టింది. ఇసుక నేల, మంచినీళ్లు దూరం. ఆవిడ బిందెతో మోసుకొచ్చి పోసి పెంచింది. ఆవిడ పోయాక, చూపూ పోయాక తాత పగలంతా ఆ చెట్ల కిందే.

ముందు కనిపెట్టింది ఆయనే. చిల్లులు బయటికి కనపడక ముందే.

"మాను లోపల ఎవులో కూకుని మినుములు నమిలినట్టుండేది," అన్నాడు. "కోడలితో సెప్పాను. ముసిలోడికి సెవులు కూడా పోనాయనుకున్నాది."

"అలగనుకోనేదు మావా," అంది నూకాలు గడప దగ్గర్నుంచి. "బయమేసి ఊరుకున్నాను."

నేనూ చెవి ఆనించాను. అలల చప్పుడు తగ్గినప్పుడల్లా వినపడింది. కరకర, కాసేపు ఆగి, మళ్లీ కరకర. నేను పెంచే నులిపురుగులకు ఆహారం ఈ చప్పుడే అని ఎప్పుడూ అనుకోలేదు. ల్యాబులో గాజు పళ్లేల మధ్య ఇది వినపడదు.

నిటారు చెట్టు కొసన మొవ్వు, కొత్త ఆకు పుట్టే చోటు, పచ్చగా ఉంది. చిల్లులు నాలుగైదు, అన్నీ కొత్తవి. కోలుకుంటుందనిపించింది. వాలిన చెట్టు దగ్గరికెళ్లి మాను మీద గుప్పిటతో కొట్టాను. డప్పులా మోగింది. ఇంకొంచెం పైన కొట్టాను. అక్కడా అంతే. పైన ఆకులు బాగానే ఉన్నాయి, రెండు గెలలు కూడా ఉన్నాయి. మొదలు మాత్రం గొట్టం.

అప్పన్న అప్పుడే ఒడ్డునుంచి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. నా మొహం చూసి అతనికి తెలిసిపోయింది. చెప్పాల్సింది నేనే.

తాత పక్కన ఇసుకలో కూర్చున్నాను.

"తాతా, నిటారు చెట్టుకి చేస్తాను వైద్యం. అది బతకొచ్చు. వాలిన చెట్టు లోపల ఏం మిగల్లేదు. నా పురుగులు ఆ పురుగుల్ని చంపినా, మానును తిరిగి కట్టలేవు. గట్టిగాలి వస్తే ఇంటి మీద పడుతుంది. అప్పన్న భయం నిజమే."

ఆయన చేతుల్లో దారం ఆగింది. చెట్టును కాపాడటానికని వచ్చి, కొట్టెయ్యమని చెబుతున్నాను. గౌరి లోపలికి వెళ్లిపోయింది. తాత అడిగాడు:

"పడితే ఎవులి మీద పడతాది?"

"గౌరి పడుకునే వైపు," అన్నాడు అప్పన్న.

"మరి కొట్టీరా. దానికి మీయమ్మ కూడా ఒప్పుకుంటాది."

పొద్దు వాలాక పని మొదలుపెట్టాం. ఎండ ఉండగా చేస్తే మా పురుగులు నిలవవు. బకెట్టు మంచినీళ్లలో స్పాంజి ముక్కలు పిండాను. గౌరి ఫోన్ లైటు వేసి నీళ్లలోకి చూసి, "మెరుత్తన్నాయి, తాతా!" అంది. తాత వేలు ముంచాడు. "తగల్నేదే," అన్నాడు.

రాగి గొట్టం మెలికల్లోకి చక్కగా దిగింది. ఒక్కో చిల్లులో నిండేదాకా ఎక్కించి బంకమట్టితో మూశాం. మట్టల మొదళ్లలో కూడా పొయ్యాలి, అంటే చెట్టెక్కాలి. నేను ఎవర్నీ అడగక ముందే అప్పన్న పంచె బిగించి చెంబు నడుముకు కట్టుకున్నాడు.

"నీకు నమ్మకం లేదుగా బావా," అన్నాడు సత్యం.

"నమ్మకం నేదు బావా. అయితే ఏటి? పొయ్యమన్నారు, పోత్తన్నాను." కిందికి దిగాక మాత్రం నా వైపు తిరిగి, "అన్ని మట్టల్లోనూ పోసినానప్పా. ఒక్కటీ వదల్నేదు," అన్నాడు.

ఆదివారం

వాలిన చెట్టును ఆదివారం పొద్దున్న కొట్టారు. పడవ తాళ్లు కట్టి, వీధిలో మగవాళ్లంతా ఇసుక వైపు లాగారు, వల లాగేటప్పుడు పాడుకునే కూతతో. మా ఊళ్లో చెట్టు పోతే తోటలో ఒకటి తగ్గిందంటాం. ఇక్కడ చెట్టు నేలకు తగలగానే కూత ఆగిపోయింది. అందరూ తాత వైపు చూశారు. ఆయన కర్ర తాటించుకుంటూ వచ్చి మాను మీద చెయ్యి పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచాడు.

మానును చీల్చి తగలబెట్టాలి, లేకపోతే లోపలున్నవి రెక్కలొచ్చి రెండో చెట్టుకే పోతాయి. చీలుస్తుంటే తెల్లపురుగులు బయటపడ్డాయి. కొన్ని పీచుతో గూడు అల్లుకుని లోపల పడుకున్నాయి. తాత ఒకటివ్వమన్నాడు. ఖాళీ గూడొకటి ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో దాని మీద నెమ్మదిగా తడిమాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్క పోగు కూడా ఒదులు నేదు," అన్నాడు. "ఎంత బాగల్లిందే, దొంగముండ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తాత నవ్వలేదు. కాసేపు ఆ గూడును చేతిలోనే ఉంచుకుని, తర్వాత మంట ఎటుందో అడిగి ఆయనే వేశాడు.

మా వైపు చెట్టు కొడితే మొవ్వు లోపలి తెల్లటి లేత భాగం కోసుకుని తింటాం. పురుగు అంత పైదాకా రాలేదు కాబట్టి మొవ్వు శుభ్రంగా ఉంది. అడగొచ్చో లేదో తెలియక నూకాలు చెవిలో చెప్పాను. ఆవిడ కళ్లు నిండిపోయాయి.

"అత్త ఏసిన సెట్టప్పా. నానెలగ తింతాను?"

తాతకి వినపడింది. "ఇటియ్యి," అన్నాడు. అప్పన్న కత్తితో పొరలు ఒలిచి, తెల్లటి ముక్క కోసి తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన నమిలాడు. మేమంతా ఆయన దవడనే చూస్తున్నాం.

"తియ్యగుందే, నూకాలూ. మీయత్త పోసిన నీళ్లే ఇవి. తిను."

నూకాలు తిన్నది. గౌరి పళ్లెంలో ముక్కలు పెట్టుకుని వీధంతా పంచింది. తాడు లాగినవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు, అందరూ ఇసుకలో నిలబడి తిన్నారు. అప్పన్న సముద్రం వైపు తిరిగి తిన్నాడు. ఆ మధ్యాహ్నం కవ్వళ్ల పులుసులో కూడా నాలుగు ముక్కలు వేసింది నూకాలు. తాత చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడని గౌరి నాతో మెల్లిగా చెప్పింది.

నా చెప్పుల్లో ఒకటి ఆ సాయంత్రం అల లాక్కుపోయింది. రెండోది ఏం చేసుకుంటానని అదీ వదిలేశాను. నూకాలు తన చెప్పులిచ్చి తాను ఉత్తికాళ్లతో తిరిగింది. ఎంత చెప్పినా వినలేదు.

ఇటుక రంగు

ఆపైన చేసేదేమీ లేదు, ఎదురుచూడటం తప్ప. సత్యం డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉండిపోయాను. నూకాలుతో కూర్చుని చేపలు శుభ్రం చేశాను, ఆవిడ చేసే వేగంలో సగం కూడా రాలేదు. తాత వల పక్కన పెట్టేసి మానుకి చెవి ఆనించే కూర్చున్నాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవాడు.

మొదటిరోజు నమలడం వినపడుతూనే ఉందన్నాడు. అప్పన్న నా కళ్లలోకి చూడలేదు. ఆ మర్నాడు అంతే. పురుగులు రైల్లోనే చచ్చిపోయి ఉంటాయని, తునికి ముందే అంతా అయిపోయి ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. గౌరి మాత్రం షిఫ్టు నుంచి రాగానే నా పక్కన కూర్చుని, "పోయిన వారం అసలు దారే నేదు గదా. ఇప్పుడు నువ్వున్నావు," అంది.

మూడోనాడు పొద్దున తాత కేక వేశాడు. అందరం పరుగెత్తాం.

"ఒకేపే వినబడతంది. అటేపు ఆగిపోనాది."

సైకిలు పుల్ల కొస వంచి, మట్టి తీసి, ఆగిపోయిన వైపు చిల్లులోకి పోనిచ్చాను. మెత్తగా ఏదో తగిలింది. నెమ్మదిగా లాగితే బయటికొచ్చింది. తెల్లగా ఉండాల్సిన పురుగు ఎర్రగా, ఇటుక రంగులో, కదలకుండా ఉంది. కుళ్లు వాసన లేదు. మా పురుగులు పనిచేస్తే ఇదే రంగు. ఇసుకలో కూర్చుని దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను.

"ఏటి? ఏటైంది?" తాత చేతులు గాలిలో వెతుకుతున్నాయి.

"సచ్చినాది, తాతా!" గౌరి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎర్రగున్నాది. ఇటికలాగ."

అప్పన్న చిల్లులోకి వంగి చూశాడు. ఆ తర్వాత, నేను చెప్పకుండానే, బకెట్టు కడిగి పెట్టాడు. దువ్వాడలో ఫ్రిజ్‌లో ఇంకా కొన్ని స్పాంజిలు మిగిలాయని సత్యం చెప్పాడట, ఇంకోసారి పోసేద్దామా అని అడిగాడు. సత్యం వాటిని ఐసులో పెట్టి తెచ్చాడు. పోశాం. ఈసారి అతనే సిరంజి పట్టాడు.

నేను బయల్దేరే రోజుకి తాత వల మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. చెట్టు నూటికి నూరు పాళ్లు నిలుస్తుందని నేను చెప్పలేదు. కొత్త ఆకు విప్పారేదాకా ఎవరూ చెప్పలేరు. నూకాలు ఎండుచేపల పొట్లం సంచిలో కుక్కింది, చెప్పులు తిరిగి తీసుకోనంది. గౌరి ఫ్యాక్టరీ బస్సెక్కేటప్పుడు నన్ను అచ్యుతాపురం దాకా తనతో పాటు తీసుకెళ్లి, ఆటో ఎక్కించి, ఆటో కదిలేదాకా కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది.

ఇంటికొచ్చాక

కొన్ని వారాల తర్వాత గౌరి ఫోటో పంపింది. మొవ్వులోంచి కొత్త ఆకు ఇంకా సగం మడతలో, పసుపుపచ్చగా. వెంటనే ఫోన్ చేశాను. తాతకి ఇచ్చింది.

"సప్పుడు నేదమ్మా. వారం నుంచీ సెవి ఆన్చి ఇంటన్నాను. ఒక్క పురుగు నేదు."

"మంచిది తాతా. ఇంక భయం లేదనుకుంటాను."

వెనక అలల చప్పుడు వినపడుతోంది.

"ఒక మాటడగనా, పురుగులమ్మా? ఆ తెల్లపురుగులన్నీ పోనాయి గదా. మరి నువ్వు తెచ్చినియ్యి ఏటి తింతాయి?"

ఇన్నేళ్లుగా వాటిని పెంచుతున్నాను. రైతులు ఎన్నో అడిగారు. మోతాదు అడిగారు, ఖర్చు అడిగారు, ఆవుకి ప్రమాదమా అని అడిగారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

"ఏమీ తినవు తాతా. తినడానికి లేకపోతే కొన్నాళ్లకి పోతాయి."

"ఊరు కాని ఊరొచ్చి, మన పని సేసి, ఆకలికి పోతాయా?"

తడి ఉంటే కొన్ని నేలలోకి దిగి నెలల తరబడి ఉంటాయని, మళ్లీ ఏదైనా పురుగు వచ్చేదాకా అలా కాచుకుని ఉంటాయని, ఎండిపోతే మాత్రం ఉండలేవని చెప్పాను.

"తడుంటే సాలా?"

"చాలు తాతా."

ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే ఆయన ఇంటి వైపు కేక వేశాడు.

"నూకాలూ! సెట్టు మొదట్లో నీళ్లు పోసినావా ఈయేళ? ఇంకో బిందె పొయ్యే. ఆటికీ కావాల."